బోణీ నోటు

ఒక నకిలీ ఐదొందల నోటుతో మాకు పోయింది వెయ్యి రూపాయలని మా ఆయన అంబాదాస్ పట్టు. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్‌ల చప్పుడులో నిలబడి చెవులతో పాటు బుర్ర కూడా మొద్దుబారింది మనిషికి.

"హిసాబ్ సీదా ఉంది. మూడొందల రూపాయల టవళ్లు పాయె. ఆ టవళ్లు కొన్నోనికిచ్చిన రెండొందల చిల్లర పాయె. రాజమ్మకు ఐదొందలు కట్టినం. వెయ్యి గాదా?"

"రాజమ్మ ఇచ్చిన చిల్లరల మూడొందలు నా డబ్బాలనే ఉండె గదా. ఇంకో రెండొందలు కలిపి ఆమెకు తిరిగిచ్చిన. గా రెండొందలు, టవళ్లు. ఐదొందలే నుక్సాన్."

"మరి రాజమ్మకెంత నుక్సాన్?"

"ఐదొందలిచ్చింది, ఐదొందలు తీస్కుంది. ఆమెదేం పోలే."

అనేశాక నా నాలుక కోసుకోవాలనిపించింది.

రాజమ్మది మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మా పక్కిల్లు. ఇరవై ఏళ్లుగా ఇద్దరం ఒకే అరుగు మీద బీడీలు చుడుతున్నాం. ఒక ఆదివారం ఆమె మొగుడు యాదగిరికి ఆయాసం ఎక్కువైతే, నేను చిల్లరకిచ్చిన ఆ నోటే పట్టుకుని మందుల షాపుకు పరుగెత్తింది. చెల్లదన్నారు. మళ్లీ నా దగ్గరికి వచ్చి, వేరే డబ్బులు తీసుకుని, ఆయాసానికి పీల్చే పంపు కొని తెచ్చేసరికి యాదగిరి లేడు. అప్పటి నుంచి ఆమె అరుగు మీదికి రాలేదు.

మా ఆయనకు కూడా చెప్పని మాట ఒకటుంది. ఇంటి ముందు నేను అమ్మే టవళ్లు కొన్నవాడు నోటు ఇచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. రంగు వెలిసినట్టుంది. కానీ పొద్దున్నే మొదటి బేరం. బోణీ డబ్బును వెనక్కివ్వం, వెలుగుకు పట్టి చూడం, కళ్లకద్దుకుంటాం. నేనూ అద్దుకున్నాను. చిల్లర కావాలంటూ తిన్నగా రాజమ్మ దగ్గరికే తీసుకెళ్లాను. నా చేతిలోంచి పోతే చాలనుకున్నాను, సిగ్గులేనిదాన్ని.

పదహారో రోజు రాజమ్మ చాట పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఆగక్కా. నీకు ఎరుకుండే ఇచ్చినవని గల్లీల అంటున్నరు. నేను నమ్మ." వేళ్లు చాచి చూపించింది. బీడీలు చుట్టీ చుట్టీ నున్నగా అరిగిపోయిన వేళ్లు, రేషన్ మిషన్ మీద వేలిముద్ర కూడా పడదు. "నోటు మీద అచ్చు గరుకుందో నున్నగుందో మన ఏళ్లకేం తెలుస్తది? నాకే తెల్వలే. నీకెట్ల తెలుస్తది?"

నా వేళ్లూ అంతే అరిగాయి. కళ్లు మాత్రం బాగానే కనబడతాయి.

"అవు రాజమ్మా, తెల్వలే," అన్నాను.

ఆమె తన చాటలోంచి ఇంత పొగాకు తీసి నా చాటలో వేసింది.