లెక్కపెట్టే వేలు

గ్యాస్ కట్టేసిందో లేదో చూడ్డానికి ఆమె ఆ పొద్దున మూడోసారి వంటింట్లోకి వెళ్ళింది. కట్టేసే ఉంది. ఉందని తెలుసు. తెలిసినా సిలిండరు మీట ఒకసారి తిప్పి చూసి, గట్టిగా గాలి పీల్చి వాసన చూసి, అప్పుడుగానీ కాళ్ళు గుమ్మం వైపు కదల్లేదు. చెప్పులు వేసుకుంటూ బొటనవేలిని మిగతా వేళ్ళ మీద ఒక్కొక్కటిగా ఆనించి లెక్కపెట్టుకుంది. ఆయన బస్సెక్కేశారు. పిల్ల బడికి వెళ్ళింది. మామయ్య పేపరు చదువుకుంటున్నారు. అత్తయ్య మంచం మీద ఉంది. నాలుగు. నలుగురూ ఎక్కడున్నారో తెలిస్తేనే ఆమెకు ఊపిరాడుతుంది.

"మళ్ళీ చూసొచ్చావా? పొయ్యేమైనా లేచి నీ వెంట నడిచొస్తుందనుకున్నావా?" అంది అత్తగారు.

"కీడెంచి మేలెంచమన్నారు కదత్తయ్యా."

పెళ్ళైన కొత్తలో ఈ సామెతే మొగుడి ముందు కూడా అంది. "సరే, అయితే కీడెంచడం నీ వంతు, మేలెంచడం మా వంతు" అన్నాడాయన. ఇల్లంతా నవ్వింది. తనూ నవ్వింది. పద్నాలుగేళ్ళయింది, వంతులు మాత్రం మారలేదు. పిల్ల ఒళ్ళు కాస్త వెచ్చబడితే పెద్దాసుపత్రి దాకా, ఆయన పావుగంట ఆలస్యమైతే బస్సు బోల్తా దాకా, మామయ్య దగ్గితే దేవుడా ఇంకెక్కడి దాకానో ఆమె మనసు ఒక్క పరుగున వెళ్ళొస్తుంది. వెళ్ళొచ్చి ఊరుకోదు, నోరు జారి పైకి అనేస్తుంది. "దీని నాలుక మీద మచ్చుంది" అంటుంది అత్తగారు. అన్నది జరగకపోతే ఊరికే అందరినీ హడలగొట్టిందంటారు. జరిగితే అదుగో, అననే అంది అంటారు. వానొస్తుందని గొడుగు చేతికిచ్చినందుకు వాన ఆమె తెచ్చినట్టే లెక్క. ఆ గొడుగు కింద నడిచి వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరికీ ఆమె గుర్తు రాదు.

ఆమె లైబ్రరీలో ఆయా. పదకొండేళ్ళుగా బల్లలు తుడవడం, తాగేనీళ్ళు పట్టడం, మరుగుదొడ్లు కడగడం, టీ పెట్టడం ఆమె పని. అక్కడ ఆమెను సైరనమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది గుమస్తా. రెండేళ్ళ కిందట అతని తల మీది ఫ్యాను వైరు కాలుతున్న వాసన పసిగట్టి, చెప్పకుండా పరుగెత్తి మెయిన్ కట్టేసింది. వైరు నల్లగా మాడి కిందికి వేలాడింది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు. కరెంటు పోయి గుమస్తా కంప్యూటర్లో సగం కొట్టిన ఉత్తరం పోయిందన్నది మాత్రం అందరికీ గుర్తుంది.

ఈ ఏడు పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. ప్రతి లైబ్రరీలోనూ ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలో కాగితం మీద రాసి గోడకు పెట్టాలి. రాసినట్టు ఒకసారి చేసి చూపించాలి. లైబ్రేరియను మంచి మనిషి. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. కానీ ఆ భవనంలో ఆయనకు తెలిసింది తన గదీ, పుస్తకాల నంబర్లూ. కలం తెరిచి పెట్టుకుని రెండు రోజులు కూర్చుని, మూడో రోజు ఆమె టీ తెచ్చినప్పుడు అడిగాడు.

"ఏమ్మా, మన మెయిన్ స్విచ్చి ఎక్కడుంది?"

"మెట్ల కింద సార్, చీపుళ్ళ పక్కన."

"మంటలార్పే సిలిండరు?"

"మీ బీరువా వెనకాల. దాని గడువు పోయినేడే అయిపోయింది."

ఆయన కళ్ళద్దాలు తీసి ఆమె వంక చూశాడు. "ఇవన్నీ నీకెలా తెలుసు?"

"తుడిచేది నేనే కద సార్."

"అయితే కూర్చో. చెప్పు, రాసుకుంటాను."

ఆ గదిలో ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అంచు మీద కూర్చుంది. చదివింది ఎనిమిదో తరగతి. మొదట మాటలు వెతుక్కుంది, తర్వాత ఆగలేదు. పదకొండేళ్ళుగా తుడుస్తూ తుడుస్తూ ఎంచిన కీడులన్నీ వరసకట్టి వచ్చాయి. పేపర్ల బల్ల దగ్గర కూర్చునే పెద్దాయనకు చెవుడు, గంట కొట్టినా వినపడదు, ఎవరో ఒకరు వెళ్ళి భుజం తట్టాలి. చంకకర్రల కుర్రాడిని తలుపుకు దగ్గర్లోనే కూర్చోబెట్టాలి. పరీక్షలకు చదివేవాళ్ళు మూల గదిలో నిద్రపోతుంటారు, వాళ్ళని లేపాలి. పాత పత్రికల అరలో పిల్లి ఈనింది, నాలుగు కూనలు.

"పిల్లినీ రాయమంటావా?" ఆయన నవ్వాడు.

"ప్రాణమే కద సార్."

రాశాడు.

అసలు మాట ఆమె చివరికి దాచుకుంది. మేడ మీద పిల్లల గది. ఆ గదిలోంచి వెనక మెట్లకు ఒక తలుపుంది. ఆరేళ్ళ కిందట ఎవరో రెండు డిక్షనరీలు ఎత్తుకుపోయారని దానికి తాళం వేసి, ముందు చెక్క బీరువా పెట్టారు. ఆమె కూతురు బడి అయ్యాక రోజూ ఆ గదిలోనే కూర్చుని చదువుకుంటుంది. కింద బల్లలు తుడుస్తున్నంతసేపూ ఆమె చెవులు మేడ మీదే ఉంటాయి. ముందు మెట్ల దగ్గర మంట లేస్తే పైనున్నవాళ్ళు ఏ దారిన దిగుతారు? ఈ ప్రశ్న ఆమెను రోజూ కోస్తుంది.

"రెండు డిక్షనరీల కోసం ఇరవై మంది పిల్లల మీద తాళం వేశాం సార్."

ఆయన కలం ఆగింది. మర్నాడు బీరువా జరిగింది, తాళం ఊడింది. ఆమె పదకొండేళ్ళలో ఆ ఆఫీసులో గెలిచింది అదొక్కటే.

"అందరూ దిగాక బాత్రూములవీ చూసేదెవరు?" అన్నాడాయన ఆ రోజే రాత ముగిస్తూ.

"నేను చూస్తా సార్. అందరూ వెళ్ళాక చివర్న నేనొస్తా."

ఎవరూ అడక్కముందే అంది. ఇంట్లో మాడిన అడుగు అన్నం తన కంచంలో వేసుకున్నంత సులువుగా.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పకుండా ఉండలేకపోయింది. "ఏమండీ, ఇవాళ నేను చెబుతుంటే మా సార్ రాసుకున్నారు."

"ఏం చెప్పావు? టీలో చక్కెర ఎన్ని చెంచాలో?" అన్నాడు టీవీలోంచి కళ్ళు తిప్పకుండా. మామగారు కూడా పేపరు వెనక కిసుక్కుమన్నారు. ఆమె కత్తిపీట ముందుకు లాక్కుంది. చెబుతుంటే పిల్ల తననే చూస్తోందని మాత్రం గమనించింది.

కాగితం అద్దం కట్టించుకుని గోడకెక్కింది. కింద 'రూపొందించినవారు: గ్రంథాలయాధికారి' అని ఉంది. ఆమెకు బాధనిపించలేదు. అలవాటైన చోట దెబ్బ తగిలితే నొప్పి తెలియదు.

చేసి చూపించే రోజు ఫైర్ ఆఫీసరు వచ్చాడు. నాలుగు గంటలకు గుమస్తా గంట కొట్టాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు జరుగుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాల్లేదు. చెవిటి పెద్దాయన భుజం తట్టారు. చంకకర్రల కుర్రాడు అందరికంటే ముందు గడప దాటాడు. వెనక మెట్ల మీద చిన్న పాదాల చప్పుడు గలగలా దిగిపోయింది. వాళ్ళను వరసలో దింపే పని తన కూతురిదే. కిటికీలోంచి చూస్తే, ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని పెద్దరికంగా, అందరూ చేరాల్సిన సైకిళ్ళ షెడ్డు వైపు నడుస్తోంది.

ఆమె ఆడవాళ్ళ బాత్రూము చూసింది, మగవాళ్ళది చూసింది, మెట్ల కింద చూసింది, బల్లల కింద వంగి చూసింది. కూనలను గంపలోకి ఎత్తి కిటికీలోంచి వాచ్‌మన్‌కి అందించింది. అతను అందుకుని గంపతో సహా వెళ్ళిపోయాడు. ముందు తలుపు దగ్గరకొచ్చి గడియ మీద చెయ్యి వేసేసరికి బయట ఫైర్ ఆఫీసరు గొంతు వినిపించింది.

"అందరూ వచ్చేశారా?"

లైబ్రేరియను జాబితా పట్టుకుని పెన్సిలుతో టిక్కులు పెడుతున్నాడు. పాఠకులు, పిల్లలు, గుమస్తా, వాచ్‌మన్, తాను. "పిల్లి కూనలతో సహా" అన్నాడు. నవ్వులు. "అందరూ వచ్చేశారు సార్."

ఆమె చెయ్యి గడియ మీదే ఉండిపోయింది.

తలుపు తీస్తే అయిపోయేది. రెండడుగులు వేస్తే షెడ్డు. కానీ వెయ్యలేదు. చూద్దాం అనుకుంది. ఏం చూద్దామో కూడా తెలియదు. ఇదే నిజం మంటైతే ఈపాటికి పొగ పేపర్ల బల్ల దాకా వచ్చి ఉండేది. ఈపాటికి కళ్ళు మండేవి. ఈపాటికి తను దగ్గుతూ ఉండేది, వాళ్ళు టిక్కులు పెట్టుకుంటూ ఉండేవాళ్ళు. ఇప్పుడు సార్‌కి గుర్తొస్తుంది అనుకుంది. రాలేదు. గంప మోస్తున్న వాచ్‌మన్‌కి వస్తుంది, ఇందాకే కదా తన చేతిలోంచి అందుకున్నాడు. రాలేదు. కిటికీలోంచి కూతురి వీపు కనిపిస్తోంది. దీనికొస్తుంది, ఇప్పుడు వెనక్కి తిరుగుతుంది, ఇదిగో ఇప్పుడు, అనుకుంది. పిల్ల కూనను ఒళ్ళో పెట్టుకుని నవ్వుతోంది.

"నాలుగు నిమిషాల పది సెకన్లు. భేష్!" అన్నాడు ఆఫీసరు. చప్పట్లు కొట్టారు. గోడ గడియారంలో ఒక నిమిషం దాటింది, రెండు దాటాయి, ఐదు దాటాయి. ఖాళీ లైబ్రరీ అంత పెద్దదని ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. పన్నెండు నిమిషాలు.

అప్పుడు గుమస్తా గొంతు. "సార్‌కి టీ ఏదీ? ఈ ఆయమ్మ ఎక్కడ చచ్చింది?"

అది అతని ఊతపదం. రోజూ అనేదే. ఆమె గడియ తీసింది.

"లోపలే" అంది.

అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె వెనక్కి తిరిగి టీ పెట్టింది. పదమూడు గ్లాసులు. తెచ్చి ఇచ్చింది.

ఆఫీసరు వెళ్ళాక లైబ్రేరియను గదిలోకి వెళ్ళింది. కుర్చీ ఖాళీగానే ఉన్నా కూర్చోలేదు. "సార్, ఆ లెక్కలో నేను లేను."

ఆయన నిజంగానే కంగారు పడ్డాడు. లేచి గోడ దగ్గరకెళ్ళి కాగితం మొత్తం చదివాడు. "నువ్వు చెప్పిందే కదమ్మా రాశాను. ఒక్క అక్షరం మార్చలేదు."

ఆమె కూడా చదివింది. నిజమే. తొమ్మిదో వరసలో 'చివరగా ఆయా అన్ని గదులూ చూడవలెను' అని ఉంది. చూసి బయటికి రావలెనని లేదు. బయట లెక్కపెట్టవలసినవారి జాబితాలో పిల్లి ఉంది, తను లేదు. ఎవరో కొట్టేసింది కాదు. తను చెప్పనే లేదు.

"పైకి పంపించేశాం. వచ్చే ఏడు చేరుద్దాంలే" అన్నాడాయన మెత్తగా.

"అప్పటిదాకా నిప్పు ఆగుతుందా సార్?"

"మళ్ళీ మొదలెట్టావా సైరనమ్మా!" ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదలు.

ఇంటికి నడుస్తుంటే పిల్ల వీధంతా వినబడేలా కబుర్లు చెబుతూనే ఉంది. నాలుగు నిమిషాల పది సెకన్లటమ్మా, ఆఫీసరంకుల్ నా భుజం తట్టాడమ్మా. ఆమె చాలా దూరం విన్నది. మలుపు దగ్గర ఇక ఆపుకోలేక అడిగింది.

"నేను రాలేదని నువ్వు చూడలేదా?"

పిల్ల ఆగింది. తప్పు చేసిన మొహం కాదు, లెక్క సరిగ్గా చేసినా మార్కులెందుకు పోయాయో తెలియని మొహం. "నువ్వెప్పుడూ లోపలే ఉంటావు కదమ్మా?" అంది.

ఇంటికొచ్చాక పొయ్యి వెలిగింది, ఆరింది. వంట అయింది, వడ్డన అయింది. అత్తగారు చెయ్యి కడుక్కుని రోజూ అడిగేదే అడిగింది. "అందరూ తిన్నారా?"

అది అడగడం కాదు, గిన్నెలు తీసెయ్యమని చెప్పడం. పద్నాలుగేళ్ళుగా ఆమె "ఆఁ, తిన్నారత్తయ్యా" అనడం, ఆనక వంటింట్లో గిన్నె అడుగున మిగిలింది నిలబడే తినడం. ఈ పూట పలకలేదు. అమ్మ పలక్కపోయేసరికి పిల్ల పలికింది. బొటనవేలిని చిటికెనవేలి మీద ఆనించి మొదలుపెట్టింది. "తాతయ్య, నాన్నమ్మ, నాన్న, నేను." చూపుడువేలి మీద ఆపింది. "అందరూ తిన్నారు నాన్నమ్మా."

ఆమె ఆ చిన్న చేతిని చూసింది. అచ్చం తన చెయ్యే. తనకు తన తల్లి ఇలాగే నేర్పింది. లెక్కపెట్టే వేలు లెక్కలోకి రాదు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ జ్వరాలెంచింది, లారీలెంచింది, మంటలెంచింది, నీళ్ళెంచింది. అన్ని కీడులూ ఎంచింది. ఈ కీడొక్కటీ ఎంచలేదు.

లేచి ఒక కంచం తెచ్చుకుంది. మొగుడికీ పిల్లకీ మధ్య కూర్చుని అన్నం వడ్డించుకుంది.

"గిన్నెలు తియ్యకుండా ఇదేంటి, ఇక్కడ కూర్చున్నావు?" అన్నాడాయన.

"నేనింకా తినలేదు."

"తినొద్దన్నామా ఎవరైనా?" అంది అత్తగారు.

ఆమె కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఇంకా చూపుడువేలికి అంటుకునే ఉన్న బొటనవేలిని మెల్లగా విడదీసి నిలబెట్టింది.

"మళ్ళీ లెక్కపెట్టు" అంది. "ఈ వేలితో మొదలుపెట్టు."