ఎనిమిదో వైపు

ముల్లు దించి చెవులమ్మ కళ్ళు మూసుకుంది.

ముందు సన్నగా గాలి వీచినట్టు చప్పుడు. అంతలోనే గిటారు, దాని వెనకాల తలుపులు బద్దలు కొడుతున్నట్టు డ్రమ్ములు, ఆ రెండింటినీ మోచేతులతో తోసుకుంటూ ఒక ఆడగొంతు. చెవులమ్మ వాటిలో దేన్నీ వినడం లేదు. పాట వినడం ఆమె పని కాదు. పాట కింద నక్కిన చప్పుళ్ళను వినడం ఆమె పని. చిటుక్కుమన్నా, బుస్సుమన్నా, గీరుకున్నా పట్టుకోవాలి. బియ్యంలో రాళ్ళు ఏరేవాళ్ళు బియ్యం వంక చూడరు కదా, అలాగన్నమాట.

రికార్డులు అచ్చువేసే ఆ ఫ్యాక్టరీలో ఆమె గది చిట్టచివర ఉంది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత దుప్పట్లు కొట్టారు. లోపల ఒక బల్ల, ఒక ప్లేయరు, చుక్కల కాగితాలు రెండు చుట్టలు. ఆకుపచ్చ చుక్క అంటిస్తే అచ్చు నడుస్తుంది. ఎర్రచుక్క అంటిస్తే ఆగిపోతుంది. మేనేజరు మాటకైనా పైన ఇంకొకరున్నారు గానీ, చెవులమ్మ ఎర్రచుక్కకు పైన ఎవరూ లేరు.

అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అంత పేరు తెచ్చిపెట్టిన చెవులు మాత్రం చిన్నపిల్లల చెవులంత. కమ్మలు పెట్టదు, గాజులు వేసుకోదు. చప్పుడు చేస్తాయని. నెరిసిన జుట్టును వెనక్కి లాగి బిగించి కడుతుంది. బస్సులో వచ్చేటప్పుడు చెవుల్లో దూది కుక్కుకుంటుంది, వంటవాడు కత్తిని ఒరలో పెట్టుకున్నట్టు.

మొదటి వైపు సగంలో ఉండగా మేనేజరు తలుపు తోశాడు.

"చెవులమ్మగారూ, ఇవాళ కాస్త తొందరగా తేల్చాలండీ."

ఆమె ముల్లెత్తింది. "నాలుగు రికార్డులు, ఎనిమిది వైపులు. నేను తొందరపడితే అది తొందరగా పాడుతుందా?"

"గండుపిల్లి తొందరపడుతోందండీ." అతను గొంతు తగ్గించాడు. "డాక్టరు ఇవాళో రేపో అన్నాడట. పాటలన్నీ ఒక్క పెట్టెలో పెట్టి తెస్తే, ఆఖరి రికార్డు విని మరీ పోతానని పట్టుబట్టి కూర్చుందట. మధ్యాహ్నం వాళ్ళ డ్రమ్మరు వస్తాడు, పెట్టె తీసుకుపోవడానికి."

"అయితే నన్ను వదిలిపెట్టండి, విననివ్వండి," అంది చెవులమ్మ.

గండుపిల్లి అని తనకు తనే పేరు పెట్టుకున్న మనిషి. పంక్ రాక్ అనే ఆ తిరుగుబాటు సంగీతం ఏమిటో పెద్దవాళ్ళకు అర్థమయ్యేలోపే తల సగం గొరిగించుకుని, చిరిగిన చొక్కాకు పిన్నీసులు గుచ్చుకుని, వేదికెక్కి కవిత్వం అరిచింది. పాడలేదు, అరిచింది. ఆ అరుపులన్నీ ఏరికూర్చి ఇప్పుడు ఒక పెట్టెగా వేస్తున్నారు.

చెవులమ్మ మళ్ళీ ముల్లు దించింది.

*నా జుట్టు నా ఇష్టం, నా నోరు నా ఇష్టం,*
*నీ తలుపు నీ ఇష్టం – నా తన్ను నా ఇష్టం!*

పెదవులు కొంచెం కదిలాయి. ఈ పాట ఆమెకు తెలుసు. తెలుసని తెలియదు, అంతే. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఈ రికార్డును ఎన్నిసార్లు తిప్పిందో. అప్పుడు నడుం సన్నం, గది కొత్త, దుప్పట్లకు ఇంకా ఉన్ని వాసన. అట్టలు మడిచే విభాగంలోంచి ఒక కుర్రాడు పనేమీ లేకపోయినా తలుపులో తల పెట్టి, "ఎలా ఉందండీ?" అని అడిగేవాడు. రికార్డు గురించి అనుకుని, "బాగానే ఉంది," అనేది. తనను గురించి అడుగుతున్నాడని తెలిసేసరికి ఏడాది పట్టింది. ఆ పై ఏడాది పెళ్ళయింది.

ఆకుపచ్చ చుక్క. తర్వాతి రికార్డు.

ఇందులో గొంతు కాస్త బరువెక్కింది. కోపం అలాగే ఉంది గానీ, ఇప్పుడు ఎవరి మీదో తెలిసిన కోపం. ఇది తిప్పిన రోజుల్లో చెవులమ్మ నిండు గర్భిణి. డ్రమ్ము మోగినప్పుడల్లా లోపల బిడ్డ తన్నేది. ఆ బిడ్డే పెద్దదై తలుపులు ధడాలుమని వేసి ఇల్లు అదరగొట్టినప్పుడు, "నువ్వు కడుపులో విన్నదే నాకు తిరిగి వినిపిస్తున్నావే," అని నవ్వుకునేది.

మూడో రికార్డులో గిటారు వెనక్కి తగ్గింది. మాట ముందుకొచ్చింది.

*మిషను ఆగితేగానీ తెలియలేదు,*
*ఇన్నాళ్ళూ నేను అరుస్తూ మాట్లాడానని.*

చెవులమ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. మొగుడు పోయిన ఏడు అది. కూతురు అప్పటికే అత్తారింటికి వెళ్ళిపోయింది, ఇంట్లో అత్తగారు, తను మిగిలారు. అత్తగారికి అప్పటికే చెముడు. ఉప్పు అందించమనాలన్నా వీధి చివరికి వినబడేలా అరవాలి. రోజంతా సూది పడ్డ చప్పుడు పట్టుకునే మనిషి, ఇంటికి పోయి కేకలతో కాపురం చేసింది. ఈ పాటను అప్పుడు ఆమె ఆకుపచ్చ చుక్క పెట్టి పంపేసింది. ఒక్క మాటైనా లోపలికి పోలేదు.

ఇవాళ పోతోంది. విడివిడిగా విన్న రికార్డులన్నీ ఒక్కరోజున వరసగా వింటుంటే, ఒక పిల్ల ఆ గొంతులోనే పెద్దదవుతోంది, అలిసిపోతోంది, ముసలిదవుతోంది. చెవులమ్మకు రాళ్ళు కనబడటం మానేసి బియ్యం కనబడుతోంది. ఆమె పనికి అది మంచిది కాదు.

ఎనిమిదో వైపుకు వచ్చేసరికి సంగీతం లేదు. గండుపిల్లి ఒక్కతే, ఏదో గదిలో కూర్చుని చదువుతోంది.

*వెళ్ళేటప్పుడు తలుపు వెయ్యకండి,*
*గది ఇంకా మాట్లాడుతోంది.*

ఆ మాటల కింద... టిక్. కాసేపాగి మళ్ళీ టిక్. రికార్డు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా ఒక టిక్.

చెవులమ్మ ప్లేయరు మీదికి వంగింది. చుట్టుకొకసారి వచ్చే టిక్ అంటే రికార్డును నొక్కే రేకు అచ్చులో గీత పడిందనే. కొత్తగా చేరినవాళ్ళకైనా తెలిసిన సంగతి. కళ్ళు తుడుచుకుంటూ చివరిదాకా విన్నది. టిక్ ఆగలేదు. కొత్త అచ్చు చేయించాలంటే వారం పడుతుంది. గండుపిల్లికి వారం లేదు. అయినా లోపమున్న రికార్డును ఆమె ఏనాడూ గడప దాటించలేదు. చచ్చిపోతున్న మనిషి చేతిలో గీతపడ్డ గొంతు పెట్టడమా? ఎర్రచుక్క అంటించి, కిటికీలోంచి రికార్డులు నొక్కే ప్రెస్ వాళ్ళకు అందించింది.

భోజనాల వేళకు ఫోను మోగింది. అత్తగారు. రోజూ ఇదే వేళకు చేస్తుంది.

"వింటున్నావా? నాకెలాగూ వినబడదు, నువ్వు మాట్లాడకు. గోడ గడియారం ఆగిపోయింది. అది చచ్చిందో, నా చెవులు ఇంకాస్త చచ్చాయో తెలియడం లేదు. ముల్లు చూస్తే కదులుతున్నట్టే ఉంది. వచ్చేప్పుడు చూద్దువుగాని. ఉంటాను."

ఫోను పెట్టేసింది. చెవులమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ముద్ద చేతిలోనే ఉంది.

ముల్లు చూస్తే కదులుతున్నట్టే ఉంది.

రికార్డు మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం మీద పిల్లి బొమ్మ ఉంది. మొదటి టిక్ వచ్చినప్పుడు ముల్లుకు ఎదురుగా వచ్చింది పిల్లి తోక. ఆఖరి టిక్ వచ్చినప్పుడు పిల్లి మీసాలు. చూసింది. కళ్ళ నిండా నీళ్ళతో చూసింది గనుక చూశానని తెలియలేదు. రికార్డు మీద గీత ఎక్కడుంటే అక్కడే ఉంటుంది, తోక నుంచి మీసాలకు నడిచి వెళ్ళదు. అంటే ఆ టిక్ రికార్డుది కాదు. గండుపిల్లి కూర్చున్న గదిది.

చెవులమ్మ చెయ్యి కడుక్కోకుండా లేచి పరిగెత్తింది.

ప్రెస్ దగ్గర ముసలి మిషనువాడు నోరు తెరిచాడు. "అక్కా! నువ్వు పరిగెత్తడం నా సర్వీసులో చూడలేదే. కొంప తగలబడుతోందా?"

"ఎనిమిదో వైపు అచ్చేదీ?"

అతను కాలితో చూపించాడు. రేకుల కత్తెరతో రెండుగా కత్తిరించిన అచ్చు నేల మీద పడి ఉంది. ఎర్రచుక్క పడ్డ అచ్చును పొరపాటున మళ్ళీ ఎవరూ ఎక్కించకుండా అలా చేయడం వాళ్ళ ఆనవాయితీ.

"నమూనా రికార్డులేవీ?"

"పొడికొట్టే మరలో వేసేశా. మళ్ళీ కరిగించడానికి."

"అన్నీనా తమ్ముడూ?"

"అన్నీ..." అని తల గోక్కుని పక్కకు చూశాడు. అతని బల్ల మీద ఒక రికార్డు, దాని మీద టీ గ్లాసు. "అది మాత్రం వంకర లేకుండా భలే చదునుగా ఉందక్కా. గ్లాసు కదలడం లేదని..."

"గ్లాసు తియ్యి."

"తాగేసి..."

"తియ్యరా బాబూ!"

గదిలో ఆమె టీ మరకను తడిగుడ్డతో వలయం వెంట తుడిచింది, పసిబిడ్డ మూతి తుడిచినట్టు. ముల్లు దించి ఈసారి పిల్లి బొమ్మ మీదే చూపు నిలిపింది. టిక్, తోక దగ్గర. టిక్, కాస్త ముందు. చివరికి మీసాలు. ఎర్రచుక్కను గోటితో గీకేసి ఆకుపచ్చది అంటించింది. నేరుగా మేనేజరు దగ్గరకు పోయి, "తప్పు నాది. మంచి అచ్చును చంపించాను. లోకానికి వారం ఆలస్యం. ఆవిడకు మాత్రం ఒక్కటి ఉంది," అంది.

అతను అరవడానికి నోరు తెరిచి, ఆమె మొహం చూసి మూశాడు. "ఆ ఒక్కటి ముందు పెట్టెలో పెట్టండి. అరవడం రేపటికి ఉంచుకుంటా," అన్నాడు.

డ్రమ్మరు వచ్చాడు. భారీ మనిషి, తెల్లటి గడ్డం. నిలుచున్న చోట నిలవడు, గోడ మీదో తొడ మీదో వేళ్ళు వాయిస్తూనే ఉంటాడు. టిక్ సంగతి చెబితే దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అది మా ప్లేయరమ్మా, మీదానికన్నా వెంట్రుకవాసి నెమ్మదిగా తిరుగుతుంది! తన మొదటి రికార్డే వింటోంది. పాట అయిపోయింది, ముల్లు ఎత్తలేదు, చివరి చుట్టులోనే టిక్ టిక్‌మంటూ తిరుగుతూనే ఉంది. ఆపనా అంటే, ఉండనీరా, దానికి తోడుగా చదువుతానంది. అలాగే రికార్డు చేశాం."

పెట్టె జిగురు ఇంకా ఆరలేదు. కదలకుండా ఎవరైనా ఒళ్ళో పట్టుకుని కూర్చోవాలి. చెవులమ్మ ఇల్లు ఆ దారిలోనే. పాత కారులో పెట్టెను రెండు చేతులా నొక్కి పట్టుకుని కూర్చుంది. చెవుల్లో దూది పెట్టుకోవడం మర్చిపోయింది. వీధి వీధంతా లోపలికి వచ్చింది.

బట్టలుతికే దుకాణం పైన రెండు గదులు. కిటికీ పక్క మంచం మీద గండుపిల్లి దిండ్లకు ఆనుకుని కూర్చుంది. చాక్లెట్టు కాగితమంత పలచటి చర్మం. తల మీద జుట్టు కొత్తగా మొలిచిన నూగులా ఉంది. మందులవాసన మధ్య చేతిలో ఒక నారింజపండు, దాన్ని వేళ్ళతో నెమ్మదిగా ఒలుస్తోంది. తొక్క తెగకుండా.

"ఎవర్రా ఈవిడ?"

"ఫ్యాక్టరీలో నీ గోల అందరికన్నా ముందు వినేది ఈవిడే."

"ఓహో, నువ్వా!" గొంతు గరగరలాడింది గానీ కళ్ళు మెరిశాయి. "నా మొదటి రికార్డు గొంతు చీలుతోందని వెనక్కి పంపించింది ఎవరే?"

"మిషను తప్పనుకున్నానండి."

"చీలింది నా గొంతేనే పిచ్చిదానా! ఎన్నాళ్ళు తిట్టుకున్నానో నిన్ను. మొహం తెలియక గాలినే తిట్టా." నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక అడిగింది. "ఎలా ఉంది? రికార్డు సంగతి కాదు."

ఇన్నేళ్ళూ చెవులమ్మ చెప్పింది రెండే మాటలు. బాగుంది, బాగాలేదు. ఇప్పుడు రెండూ చాలలేదు.

"పొద్దున మొదలుపెట్టానండి. అప్పుడు మీరు పిల్లలా ఉన్నారు. మధ్యాహ్నానికి ముసలివారైపోయారు." చేతిలోని పెట్టెను మంచం మీద పెట్టింది. "నేనూ అయిపోయాను. అన్నిటికీ నేనూ అక్కడే ఉన్నానని ఇవాళే తెలిసింది."

గండుపిల్లి వేళ్ళు ఆగాయి. "ఒరేయ్, ఒక్కరు విన్నార్రా," అంది డ్రమ్మరుతో. "ఆ ఆఖరిది పెట్టు. నువ్వు కూర్చోవే."

ఎనిమిదో వైపు మొదలైంది. కిటికీలో ఎండ పల్చబడుతోంది. గండుపిల్లి కళ్ళు మూసుకుని తన గొంతును తనే వింటూ నారింజ ఒలుస్తోంది. డ్రమ్మరు వేళ్ళు మంచం కోడు మీద ప్రతి టిక్‌కూ తాళం వేస్తున్నాయి. చెవులమ్మ పాట వింటోంది, టిక్ వింటోంది, కింద వీధి వింటోంది. ఆ అన్నిటి కింద పక్కనున్న మనిషి ఊపిరి వింటోంది. పొడుగ్గా ఒకటి. కాసేపాగి ఇంకొకటి.

*గది ఇంకా మాట్లాడుతోంది,* అంది రికార్డు.

ఆ తర్వాత ఊపిరి వినబడలేదు.

చెవులమ్మ చెవి ఒగ్గింది. పాటకు పాటకు మధ్య ఖాళీలను జీవితమంతా విన్న మనిషి. ఏది ఆగిందో, ఏది అయిపోయిందో ఆమెకు తెలుసు. డ్రమ్మరు ఇంకా కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నాడు. అతన్ని కదపలేదు. ఆ వైపు పూర్తిగా అయిపోనిచ్చింది. అప్పుడు లేచి, అతని చేతి మీద తన చెయ్యి వేసింది. వేళ్ళు ఆగాయి.

మంచం అంచున, ఎక్కడా తెగని తొక్క రిబ్బనులా కిందికి వేలాడుతుండగా, సగం ఒలిచిన నారింజ దుప్పటి మడతలో నిలిచి ఉంది. గదంతా దాని వాసన.