హైమావతి సవరం

నేను ఒక సవరాన్ని. తిరుపతిలో మొక్కు తీర్చుకున్న నలుగురి జుట్టు నాలో ఉంది. వాళ్ళలో ఒకాయన పొగాకు వ్యాపారి. ఆ సంగతి బయట పెట్టకండి, నా పరువు పోతుంది.

నన్ను మొదట పెట్టుకున్నదీ మగవాడే. ఆడవేషాలు మగవాళ్ళు కట్టే రోజులవి. సాంబయ్యగారు పదేళ్ళపాటు సత్యభామగా నన్ను వయ్యారంగా విసిరి విసిరి, పొట్ట పెరిగాక రాజు వేషాల్లోకి మారుతూ, కొత్తగా నాటకాల్లోకి వచ్చిన హైమావతికి ఇచ్చేశారు.

హైమావతి తెనాలిలో పద్యం ఎత్తుకుంటే జనం "వన్స్ మోర్" అని గోల చేసేవాళ్ళు. అడిగితే మళ్ళీ పాడాలి, అది నాటకాల మర్యాద. చచ్చిపోయిన పాత్రయినా లేచి, పద్యం పాడి, మళ్ళీ చావాల్సిందే. పొన్నూరులో ఒకసారి ఆవిడ అయిదుసార్లు చచ్చింది. నేను చిక్కులు పడి ఏడ్చాను.

తరవాత నాటకాలకి గిరాకీ తగ్గింది. ఇల్లు గడవడం కష్టమైన సమయంలో మద్రాసు నుంచి సినిమా వేషం వచ్చింది. రాజమాత పాత్ర. పద్యం పాడి మంచం మీద ప్రాణం విడవాలి. ఇది చెడితే మరో వేషం రాదని ఆవిడకి తెలుసు.

పాడింది, వాలిపోయింది. లైట్లు పట్టుకున్నవాళ్ళలో సగం మంది తెనాలి వాళ్ళే. ఉండబట్టలేక "వన్స్ మోర్!" అన్నారు. రాజమాత చటుక్కున లేచి పద్యం అందుకుంది. నేను ఊడి దిండు మీదే ఉండిపోయాను. ఆ రోజు, చచ్చాక కదలకూడదన్న దర్శకుడి మాట విన్నది నేనొక్కదాన్నే.

దర్శకుడు శేషగిరిగారు నెత్తి బాదుకున్నారు. "ఫిలిం దొరక్క మేం చస్తుంటే, చచ్చినావిడ లేస్తుందిటమ్మా?"

"అడిగారు కదండీ! పలక్కపోతే ఏమనుకుంటారు వాళ్ళు?"

"ఈసారి లేచారో, సాయంత్రం మెయిలు రైలెక్కించి ఇంటికి పంపించేస్తాను."

రెండోసారి కూడా కేకలు వినిపించాయి. ఆవిడ మెడ నరాలు బిగుసుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. కానీ లేవలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం మేకప్ గదిలో నన్ను విప్పుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ చాలా బాధేసింది.

సినిమా తెనాలికి వచ్చింది. ఆడవాళ్ళ బెంచీలో, ముసుగు కింద మేమిద్దరం కూర్చున్నాం. తెరమీద రాజమాత చనిపోయింది. హాలు దద్దరిల్లింది.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

తెరమీది ఆవిడ కదల్లేదు.

"మద్రాసెళ్ళాక హైమావతికి పొగరెక్కిందిరోయ్!" నేల టిక్కెట్ల వైపు నుంచి ఎవరో అరిచారు. "పిలుస్తుంటే పలకదేందిరా!"

పాపం, మనుషులకి తెరకీ మనిషికీ తేడా తెలియదనుకున్నాను. అంతలో ముసుగు జారింది. హైమావతి బెంచీ ఎక్కి నిలబడింది.

"ఇక్కడున్నానయ్యా!" అని పద్యం ఎత్తుకుంది.

ఆపరేటరు మెషిను ఆపేశాడు. ఆ ఆట గంట ఆలస్యంగా వదిలారు.