ఓనరు బయ్యమ్మ

"ఓనర్ వచ్చిందా లేదా? ఓనర్ లేకుండా ఫైలు ముందుకు పోదని ఫోన్‌లోనే చెప్పినాను గదా" అని ఆంజనేయులు విసుక్కున్నాడు.

మునిరాజ పక్కకు జరిగి, వెనక నిలబడిన తల్లిని ముందుకు రమ్మన్నాడు. "ఈమే సార్, బయ్యమ్మ. మాయమ్మ."

మదనపల్లెలో ఆ ఇన్సూరెన్సు ఆఫీసుకు రకరకాల ఓనర్లు వస్తుంటారు. నెత్తిన కొంగు కప్పుకుని, చెప్పులు గుమ్మం బయటే విడిచి, కుర్చీ చూపించినా కూర్చోవాలో వద్దో తెలియక నిలబడిపోయిన ఓనరును మాత్రం ఆంజనేయులు ఎప్పుడూ చూడలేదు. నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

బండి కొన్నప్పుడు మునిరాజ పేరుకు బలం లేదని, తల్లి పేరు మీదైతే కలిసొస్తుందని జాతకం చూసిన అయ్యవారు చెప్పాడు. అలా బయ్యమ్మ ఒక సరుకుల బండికి యజమాని అయింది. కొత్త బండికి పసుపు రాసి నిమ్మకాయలు కట్టడంతో ఆమె యజమానిత్వం అయిపోయింది. నెలనెలా కట్టే కంతు ఎంతో, ఇన్సూరెన్సు ఏ రకానిదో ఆమెకు ఒక్కరూ చెప్పలేదు. పేరు కావలసి వచ్చింది, తీసుకున్నారు. ఈ రోజు వేలిముద్ర కావలసి వచ్చింది, గొర్రెల్ని పక్కింటి చిన్నమ్మకు అప్పజెప్పించి పుంగనూరు బస్సెక్కించి తీసుకొచ్చారు.

ప్రమాదంలో మునిరాజ తప్పేమీ లేదు. ఆ మాట పోలీసులే రాశారు. పుంగనూరు నుంచి టమోటా క్రేట్లు వేసుకుని మదనపల్లె మార్కెట్ యార్డుకు వస్తుంటే ముందు గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. మంద వెనక నడిచి పెద్దయినవాడు, ఆపక ఏం చేస్తాడు? ఇండికేటరు వేసి ఆపాడు. వెనక ఫోన్ మాట్లాడుకుంటూ వస్తున్న కుప్పం కారు ఆగలేదు. గుద్దిన ఊపుకు బండి పక్కకు వెళ్లి కల్వర్టు గోడను కొట్టుకుంది. రోడ్డంతా టమోటాలే. మునిరాజ కుడిచెయ్యి స్టీరింగుకూ తలుపుకూ మధ్య నలిగిపోయింది.

అతను బండికి కట్టింది చవక రకం ఇన్సూరెన్సు. దానివల్ల ఎదుటివాడికి నష్టపరిహారం వస్తుందే గానీ సొంత బండికి పైసా రాదు. అందుకని కారు ఇన్సూరెన్సు వాళ్ల, అంటే ఈ ఆంజనేయులు ఆఫీసు చుట్టూ తిరగక తప్పింది కాదు. అంతకు ముందు చేతిని తుండుగుడ్డలో వేలాడేసుకుని కుప్పం కూడా వెళ్లొచ్చాడు. కారాయన కూర్చోబెట్టి కాఫీ ఇప్పించి, "వేలకు వేలు ప్రీమియం కట్టేది ఇందుకే కదప్పా, వాళ్లనే అడుగు" అని సాగనంపాడు. కాఫీ బాగానే ఉందని మునిరాజ ఇంటికొచ్చి చెప్పాడు. అంతకన్నా చెప్పడానికేమీ లేకపోయింది.

బండి పుంగనూరులో కలీం షెడ్డులో పడి ఉంది. మరమ్మతుకు అరవై ఐదు వేలన్నాడు కలీం. టమోటా కాలం జోరుగా సాగుతోంది. క్రేటుకు ఇరవై ఐదు రూపాయల బాడుగ ఇచ్చే రైతులు వేరే బండి చూసుకున్నారు. రైతులు ఒకసారి ఇంకో బండికి అలవాటు పడితే మళ్లీ రారు. మునిరాజకు కంటి మీద కునుకు లేదు, కూర్చున్న చోట కుదురు లేదు. ఎంతోకొంత చేతిలో పడితే చాలు, బండి రోడ్డెక్కితే చాలు.

"కూర్చో పెద్దమ్మా. చదివి వినిపిస్తాను" అని ఆంజనేయులు కాగితం అందుకున్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు. నెలాఖరులోగా కొన్ని ఫైళ్లు మూయాలి, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి, అంతే. "మీవాడు సడన్‌గా ఆపినందువల్ల తప్పు ఇద్దరిదీ. బండికి డెబ్బై వేలు ఇస్తారు. డ్రైవరుకు గాయాలు లేవు. ఇక మీదట ఏ క్లెయిమూ అడగము. ఇదిగో ఈడ నువ్వు వేలిముద్ర వెయ్యాల, ఆ కింద డ్రైవర్ సంతకం."

"ఏమీ లేవంటివి సార్?" అంది బయ్యమ్మ.

"గాయాలు."

"వాని చెయ్యి ఇరిగింది గదప్పా."

"మా, ఊరికే ఉండు" అన్నాడు మునిరాజ తొందరగా. "అది మానిపోయింది సార్. కట్టు ఇప్పేసినాం గూడా."

"నాటుకట్టు కట్టించుకున్నాడంట. ఆస్పత్రి కాగితం ఒకటీ లేదు. కాగితం లేని దెబ్బను నేను యాడ రాసేది పెద్దమ్మా?"

బయ్యమ్మ కొడుకు చేతి వంక చూసింది. ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలన్నారు. లక్ష దాకా అవుతుందంటే చీటీ కూడా రాయించుకోకుండా వెనక్కి వచ్చేశారు. "మన తాతల కాలం నుంచి కట్టు కట్టించుకుంటాండాం, ఎవరికి బాగుగాలేదు? కోతలెందుకు నాయనా" అని బలవంతాన కట్టుకు తీసుకుపోయింది తనే. నూనె కాచి రాసింది తనే. విప్పిన రోజున చెయ్యి తిన్నగా కనబడితే దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాతే ఆమె కొన్ని సంగతులు గమనించసాగింది. కొడుకు సంగటి ముద్ద ఎడమచేత్తో తుంచుకుంటున్నాడు. చొక్కా గుండీలు భార్య రూప పెడుతోంది. అడిగితే "అలవాటు తప్పింది మా, సర్దుకుంటాది" అంటాడు. కోడలిని చాటుగా అడిగితే ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది.

"డ్రైవరు గూడా సంతకం పెట్టాల అంటివి గదా సార్. వాడే ముందు పెట్టనీ" అంది బయ్యమ్మ.

మునిరాజ పెన్ను ఎడమచేత్తో తీసుకున్నాడు.

"ఆ చేత్తో కాదు నాయనా. బడిలో పలక మీద రాసిన చేత్తో పెట్టు."

"ఎందుకు మా ఇప్పుడు? ఏ చేత్తో అయితే ఏంది?"

"నా పేరు మీద బండి అంటాండారు గదా. నేను అడుగుతాండా. పెట్టు."

అతను తల్లిని కోపంగా చూశాడు. ఆంజనేయులును చూశాడు. పెన్నును కుడిచేతి వేళ్ల మధ్యకు మార్చి, జారకుండా ఎడమచేత్తో అదిమిపట్టి కాగితం మీద ఆనించాడు. 'ము' అని రాశాడు, వంకరగా. ఎడమచెయ్యి తీసేసరికి వేళ్లు విచ్చుకున్నాయి, పెన్ను బల్ల మీద దొర్లి కింద పడింది. ఎవ్వరూ వంగి తీయలేదు.

ఆంజనేయులు కాగితాలు సర్దాడు. తర్వాత ఇంకుప్యాడును మునిరాజ వైపు జరిపాడు. "పోనీలే, నువ్వు కూడా వేలిముద్రే వేసెయ్. చెల్లుతుంది."

పదో తరగతి పాసైనవాడు మునిరాజ. ఊళ్లో పది మందికి అర్జీలు రాసిపెట్టినవాడు. ఆ ప్యాడు వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

బయ్యమ్మ చెయ్యి చాచి ప్యాడు మూత మూసింది.

"నేను ఎయ్యను సార్."

"పెద్దమ్మా, ఆలోచించు. కాదంటే కోర్టుకు పోవాల. ఏండ్లు పడుతుంది."

"గొర్రెలకు దావ ఇచ్చినందుకు తప్పు మాదని రాస్తివి. ఇరిగిన చెయ్యి ఇరగలేదని రాస్తివి. దానికి నా ఏలు కావాల్నా? కట్టుకు తీస్కపోయింది నేనే. తప్పు చేసింది నేనే. ఆ మాట ఏ కోర్టులోనైనా చెప్తా. ఇది మాత్రం ఎయ్యను."

"మా! బండి షెడ్డులో తుప్పు పట్టిపోతే ఇంట్లో ఏం తింటాం?" మునిరాజ కసిరాడు. "మానుకుంటే డెబ్బై వేలు పోతాయి మా!"

"బండి బాగవతాది లేరా. ఆ డబ్బుతో ఈ పొద్దే బాగవతాది." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, మాట మాత్రం తడబడలేదు. "తోలేదెవురు?"

ఇన్నాళ్లూ ఆ ప్రశ్న ఎవరూ అడగకూడదనే మునిరాజ అంత తొందరపడ్డాడు. బండి ఒక్కసారి రోడ్డెక్కితే చెయ్యి దానంతటదే మాట వింటుందని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు.

బస్టాండు దాకా అతను తల్లికన్నా నాలుగడుగులు ముందే నడిచాడు. యార్డు వైపు క్రేట్ల బళ్లు వరసగా పోతున్నాయి. ఒక బండిలోంచి ఎవరో తెలిసినవాడు "మునిరాజన్నా" అని కేకేసినా తలెత్తలేదు. పుంగనూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు. బయ్యమ్మ బస్సు దగ్గరకు రాలేదు. ఒక ఆటో పక్కన నిలబడి డ్రైవరుతో మాట్లాడుతోంది.

"పెద్దాసుపత్రికి ఎంతప్పా ఇద్దరికి?" అని అడుగుతోంది ఆమె. "చెయ్యి ఫోటో తీసి కాగితం ఇచ్చేది ఆడేనా?"

మునిరాజ మెట్టు మీద నుంచి కాలు తియ్యలేదు, పైకీ ఎక్కలేదు. వెనక జనం తోసుకుంటున్నారు. ఎక్కుతావా, దిగుతావా అని కండక్టరు అరుస్తున్నాడు.