మైదాపిండి గీత

అరబ్బు దేశంలో, సముద్రం ఒడ్డునున్న సహం పట్నం నుంచి పదిహేను కిలోమీటర్లు లోపలికి, వాగు ఒడ్డున ఉన్న ఆ హైస్కూలు గ్రౌండులో గడ్డి మొలవదు. అంతా ఇసుక. ఆ ఇసుక మీద గురువారం సాయంత్రం నాలుగింటికి ఫుట్‌బాల్ ఫైనల్. ఎదుటి జట్టు వాగు అవతలి ఊరిది. ఈ ఊళ్లో ఫైనల్ జరగడం ఇదే మొదటిసారి.

గ్రౌండుకు గీతలు పోసింది పోచన్న. తొమ్మిదేళ్లుగా అతను స్కూలు పక్కన ఖర్జూరం తోటలో నీళ్లు కడుతున్నాడు. అంతకుముందు మెట్‌పల్లిలో మేస్త్రి. కోచ్ హమూద్ కొలతల కాగితం పట్టుకుని తోటకు వచ్చి, "గీతలు పోస్తావా?" అని అడిగితే, కాగితం చూడకముందే తలూపాడు. పునాది తవ్వే ముందు సున్నంతో ముగ్గు పోయడం అతనికి చేతిలో పని. తాడు లాగి, మూలలు తీసి, పొద్దున తొమ్మిదికల్లా ముగించాడు. ఇన్నేళ్లలో తోటలో ఒక్కరూ అతన్ని మేస్త్రి అనలేదు. ఆ రోజు మాత్రం చూడవచ్చిన ప్రతివాడికీ తానే చెప్పుకున్నాడు, మేస్త్రినని.

మూడున్నరకు సోహార్ నుంచి రెఫరీ వచ్చాడు. గ్రౌండు చుట్టూ నడిచి, సముద్రం వైపు గోల్ దగ్గర ఆగి, కింద కూర్చున్నాడు. గీత రెండు స్తంభాల మధ్య లేదు. వాటి వెనక, బెత్తెడు దూరంలో ఉంది.

పోచన్నకు తప్పెక్కడో వెంటనే తెలిసింది. ఇంటి ముగ్గులో గోడ మందం వదిలి, తాడుకు బయటి పక్క సున్నం పోస్తారు. అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడా అదే చేసింది. ఇలా ఉంటే బంతి స్తంభాలు దాటినా గీత దాటదు. రెండు వైపులా అదే తప్పు.

"మా గ్రౌండు తయారుగా ఉంది. బస్సూ ఉంది. పోదామా?" అన్నాడు వాగు అవతలి కోచ్.

రెఫరీ గడియారం చూశాడు. "ఇరవై నిమిషాలిస్తా. సరిచేస్తే ఇక్కడ, లేకపోతే అక్కడ."

తోట యజమాని సయీద్ అరవలేదు. అతని కొడుకు సాలిం ఈ స్కూలు జట్టులో ఫార్వర్డ్. "నీళ్లు కట్టేవాడివి నీళ్లే కట్టుకోవాల్సింది, పోచన్నా," అన్నాడు సయీద్. అంతే.

పోచన్న పార తీసుకుని పాత గీత గీకేశాడు. మిగిలిన సున్నం కొండ వైపు గోల్‌కే సరిపోయింది. సముద్రం వైపు గోల్‌కు పిడికెడు కూడా లేదు.

"సున్నం అయిపోయింది, జహీర్ భాయ్!" అని కేకేశాడు. గ్రౌండు ఎదుట కిరాణా కొట్టు పెట్టుకున్న జహీరుద్దీనుది జగిత్యాల.

"మైదా ఉన్నది, పరోటాల మైదా! తెమ్మంటవా?"

"తే! ఉరుకు!"

"మేస్త్రివి నువ్వు, ఉరుకుడు నేనా?" అంటూనే జహీరుద్దీన్ ఉరికాడు, సంచి భుజాన వేసుకుని తిరిగి ఉరికొచ్చాడు. ఈసారి పోచన్న తాడు స్తంభాల వెనక అంచుకు కట్టి, పిండి తాడుకు లోపలి పక్క పోశాడు. నాలుగుకు మూడు నిమిషాలుండగా రెఫరీ వంగి చూశాడు. తలూపి విజిల్ తీశాడు.

పిండి వాసనకు ఊరి మేకలు వచ్చాయి. వాటిని అదిలించడానికి పోచన్న కర్ర పట్టుకుని సముద్రం వైపు గోల్ వెనక నిలబడిపోయాడు.

మొదటి సగంలో అవతలి ఊరు గోల్ కొట్టింది. జట్లు వైపులు మారాయి. ఇప్పుడు సాలిం జట్టు గోల్ కొట్టాల్సింది సముద్రం వైపు. ఇంకో పావుగంట ఆట ఉందనగా కార్నర్ నుంచి వచ్చిన బంతిని సాలిం తలతో కొట్టాడు. ఒకటికొకటి. పికప్ బండ్ల హారన్లు ఆగలేదు. జహీరుద్దీన్ కొట్టు తాళం వేయకుండానే వచ్చేశాడు.

"మేకలను సూడు పోచన్నా, ఆట నేను సూస్త!"

"నువ్వు నోర్మూసుకో భాయ్, బంతొస్తంది!"

ఆఖరి నిమిషం. సాలిం కుడి కాలితో కొట్టాడు. బంతి స్తంభానికి తగిలి లోపలికి దొర్లింది. గోల్‌కీపర్ వెనక్కి దూకి దాని మీద పడ్డాడు. బంతి ఇసుకలో దిగబడింది. కీపర్ దాన్ని లాక్కుని బయటికి విసిరాడు.

"గోల్!" అంది ఈ ఊరు. "కాదు!" అంది ఆ ఊరు. రెఫరీ విజిల్ ఊది పరుగున వస్తున్నాడు. అతనికంటే ముందు రెండు ఊళ్ల జనం వస్తున్నారు.

పోచన్న కింద చూశాడు. గీత వెనక, బంతి పడ్డ చోట గుంట. గీత చెక్కు చెదరలేదు. జనం అడుగు పడితే రెండూ ఉండవు. కర్ర అడ్డంగా పట్టుకుని గీత ముందుకు దూకాడు.

"ఆగుండ్రి! తొక్కద్దు! ముగ్గు తొక్కద్దు!"

ఆ మాట జహీరుద్దీనుకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు. కర్ర మాత్రం అందరికీ అర్థమైంది. సాలిం ఆగాడు. సయీద్ ఆగలేదు.

"నేను రా, పక్కకు జరుగు!"

"నువ్వైనా ఆగాలె, అర్బాబ్!" పోచన్న కర్ర సయీద్ ఛాతీకి ఆనింది. తొమ్మిదేళ్లలో అతను యజమానికి ఎదురు చెప్పడం అదే మొదలు. సయీద్ నిలబడిపోయాడు.

రెఫరీ బంతి తెప్పించాడు. దాన్ని గుంటలో పెట్టి, బోర్లా పడుకుని, గీత వెంట కన్ను పెట్టాడు. బంతికీ పిండికీ మధ్య రెండు వేళ్ల ఇసుక కనబడింది. పొద్దుటి గీతే ఉండి ఉంటే బంతి దాని మీదే ఉండేది.

రెఫరీ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. చెయ్యి ఎత్తి గ్రౌండు నడిమధ్యకు చూపాడు. గోల్.

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో ఎవరికీ వినబడలేదు. సాలింను పికప్ మీదికి ఎత్తారు. అవతలి కోచ్ ఒక్కడే వచ్చి గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఎవరు పోశారిది?"

సయీద్ పోచన్న భుజం మీద చెయ్యి వేశాడు. "మా మేస్త్రి," అన్నాడు.

జహీరుద్దీన్ పోచన్న చెయ్యి పట్టి లాగాడు. "మేకలొస్తున్నయ్, సూడు!"

"రానియ్యి భాయ్," అని పోచన్న కర్ర పడేసి పికప్ వైపు ఉరికాడు.