నాలుగు వేళ్ల బోనసు

మురళీకృష్ణ ఒట్టి దుర్మార్గుడైతే అంతయ్యకు ఇంత మంట ఉండేది కాదు. తిట్టుకుని ఊరుకునేవాడు. పద్దెనిమిదేళ్లు సేటని నమ్మి, ఎల్బీనగర్‌లో ఆయన బీరువాల కార్ఖానాలో రేకు వంచాడు. ప్రెస్ మిషను కుడిచేతి నాలుగు వేళ్లు తీసుకున్న రోజు, కొత్త కారు సీటంతా నెత్తురైనా చూడకుండా దవాఖానకు తోలుకెళ్లింది ఆయనే. ఆ మాటన్నదీ ఆ కార్లోనే.

"అంతయ్యా, మిషను పేరెత్తకు. లేబరాఫీసు వాళ్లొస్తే షాపు మూతపడుద్ది, మీ ఆరుగురూ రోడ్డున పడతారు. ఊళ్లో గడ్డి కోసే మిషన్లో చెయ్యి పడిందని చెప్పు. ఎనిమిది లక్షలిస్తాను."

అంతయ్య అలాగే చెప్పాడు. డాక్టరు అడక్కపోయినా నల్లగొండ పక్క మా ఊళ్లో రెండు బర్రెలున్నయని కూడా కలిపాడు. ఆ బర్రెలు అమ్మి పదేళ్లయింది. కాగితం మీద ఎడమ బొటనవేలు ఒత్తాడు.

అల్మాస్‌గూడలో ఒక పిండిగిర్ని అమ్మకానికి ఉంది. ఎనిమిది లక్షలకు పైసా తగ్గనన్నాడు దాని ఓనరు. కొనడానికి ఇంకొకరు సిద్ధంగా ఉన్నా, అంతయ్య కోసం జూలై ఆఖరు దాకా ఆగుతానన్నాడు. 2024 మార్చిలో అంతయ్య ఖాతాలో పడింది మాత్రం ఏడు లక్షల నలభై రెండు వేల చిల్లర.

"గా సేటుకు దండాలు పెట్టుడు ఆపి, గీ కోత ఏందో అడుగు," అంది భార్య అండాలమ్మ. "ఒక్క చేత్తోని పిండి పడుతవు గని, నోరు తెరువనీకి గూడ రెండు చేతులు గావాల్నా?"

జూలై మొదట్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో పన్నుల కాగితాలు చూసే ఉదయలక్ష్మి, సేటిచ్చిన జీతం-పన్ను ఫారం తిరగేసింది.

"అంగం పోయినందుకు ఇచ్చింది ఆదాయం కాదండీ, దానికి పన్నుండదు. ఇందులో బోనస్ అని రాశారు. బోనసంటే జీతం కింద లెక్క. అందుకే పన్ను పట్టుకున్నారు."

"వేళ్లకు బోనసేందమ్మా?"

"మీ జీతం ఒక్కటే అయితే పైసా కట్టక్కర్లేదు. ప్రమాదానికిచ్చిన పరిహారమని మీ ఓనరు చేత లెటర్ రాయించుకురండి. దవాఖాన కాగితం కూడా తీసుకురండి. ఈ నెలాఖరులోపు రిటర్నేసి వాపసు అడుగుదాం."

మురళీకృష్ణ టీ తెప్పించాడు. అంతయ్య లెటర్ మాట ఎత్తగానే కప్పు కింద పెట్టాడు.

"లెటరిస్తే నా షాపులో ప్రమాదం జరిగిందని నేనే ఒప్పుకున్నట్టు. పన్ను తీసుకుంది గవర్నమెంటు, నేను కాదుగా."

"మీరు బోనసని రాస్తెనే గద సార్ తీసుకున్నరు."

"ఇంకేం రాయమంటావ్? యాక్సిడెంట్ మా దగ్గర కాలేదని నువ్వే చెప్పావు." సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. దవాఖాన కాగితం నకలు. గడ్డి కోసే మిషను, సొంత ఊరు, రెండు బర్రెలు, కింద బొటనవేలు ముద్ర. ఆ రోజే తీయించి పెట్టుకున్నాడు.

టీ ముట్టకుండా లేచాడు అంతయ్య. ప్రెస్ దగ్గర కొత్తవాడు ఉత్త చేత్తో రేకు తోస్తున్నాడు.

"చెయ్యి పైలం," అన్నాడు అంతయ్య. చప్పుడులో వాడికి వినబడలేదు.

జూలై దాటగానే గిర్ని ఇంకొకరికి పోయింది. నాలుగు వేళ్ల మీద అంతయ్య కట్టిన పన్ను యాభై ఏడు వేల తొంభై ఆరు రూపాయలు.