వడియాలు పెట్టుకున్నవారు గమనించగలరు

సగ్గుబియ్యం గంజి చిక్కబడి గరిటె బరువెక్కుతున్న వేళ జోజిబాబు వంటగది గుమ్మంలోకి వచ్చి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఫోను చదవటం మొదలుపెట్టాడు.

“ఒక పెద్దాయన గొడుగు బాగు చేయించుకోటానికి వెళ్ళాడంట, లతా. బాగుచేసేవాడు తిప్పి తిప్పి చూసి, ‘అయ్యా, దీనికి గుడ్డ లేదు, ఊచల్లేవు, పిడి ఒక్కటే ఉంది’ అన్నాడంట. దానికా పెద్దాయన...”

“ముందు మాత్ర వేసుకోండి,” అంది పుష్పలత తల తిప్పకుండా.

ఆయన మాత్ర వేసుకున్నాడు. జోకు జేబులో పెట్టుకున్నాడు.

తిరువూరులో మైకు జోజిబాబు అంటే తెలియనివారు లేరు. ఉత్త జోజిబాబు అంటే మాత్రం రేషను దుకాణంలో కూడా ఎవరో అని అడుగుతారు. పెళ్ళిళ్ళు, చర్చి కూటాలు, ఓట్ల ఆటోలు, తప్పిపోయిన మేకలు, చనిపోయిన పెద్దలు, అన్నీ ఆ గొంతులోంచే ఊరికి తెలిసేవి. ఎవరు గెలిచినా ముందు చెప్పింది ఆయనే. తాను మాత్రం ఎందులోనూ గెలిచిందీ లేదు, ఓడిందీ లేదు. సన్నగా, కొద్దిగా ముందుకు వంగి ఉండేవాడు. నిలువు మైకుకు అలవాటు పడిన ఒళ్ళు కాబోలు, ఇంట్లో గోడతో మాట్లాడినా అలాగే వంగేవాడు.

మాట్లాడితే గదా అసలు. ఊరంతటికీ చెప్పీ చెప్పీ ఇల్లు చేరేసరికి గొంతులో ఏమీ మిగిలేది కాదు. నీళ్ళకు బొటనవేలు, అన్నానికి అరచెయ్యి, దీపం తియ్యమనటానికి ఒకసారి కళ్ళు మూయటం. పెళ్ళైన దగ్గర్నుంచీ పుష్పలత మొగుడి మాటలు ఎక్కువగా విన్నది స్తంభానికి కట్టిన హారన్లోంచే. పొద్దున్న పూట ఈ జోకులొక్కటే మినహాయింపు. అవైనా ఆమె కోసం కాదు, మైదానంలో చదివేముందు సాధన. ఆమె నవ్వకూడదని ఒట్టు పెట్టుకుంది. నవ్వితే ఇంకొకటి చదువుతాడు, ఇంకొకటి చదివితే పాలు పొంగుతాయి.

క్రిస్మస్‌కు ముందు విజయవాడలో డాక్టరు గుండె ఫొటో దీపానికి అడ్డం పెట్టి చూపించి, గట్టిగా అరవకూడదు, ఎండలో నిలబడకూడదు అన్నాడు.

“మైకుంటే అరవక్కర్లేదు గదండీ,” అన్నాడు జోజిబాబు.

డాక్టరు నవ్వలేదు. పుష్పలతా నవ్వలేదు.

చివరికి ఈ వేసవి కబడ్డీ పోటీలే ఆఖరన్న ఒప్పందానికి వచ్చారు. అదీ సెమీఫైనల్ వరకే. తరువాత మైకు యేసుబాబు చేతికిచ్చి ఇంటికి అన్నానికి రావాలి. యేసుబాబు ఆయన పాత జతగాడు. వైర్లు లాగటంలో, పెట్టెలు మోయటంలో అతన్ని మించినవాడు లేడు గాని, గొంతు రేకు మీద ఇసుక పోసినట్టుంటుంది.

వెళ్ళేముందు జోజిబాబు మైకు తలకు ఆకుపచ్చ గుడ్డ చుట్టాడు, దుమ్ము పడకుండా. అది ఆమె పాత చీర కొంగు. మిగతా చీర అప్పటికే డాబా మీద పరిచి ఉంది, వడియాలకు. చీర పంచుకున్నాక ఆయన చేత్తో గాలిలో ఒక వంపు గీశాడు. వెళ్ళొస్తానని దానర్థం.

“సెమీస్ అవగానే. గుర్తుందా?”

బొటనవేలు పైకెత్తాడు. అది నీళ్ళ సైగ. అయినా ఆమెకు అర్థమైంది.

మైదానం రెండు వీధుల అవతల. ఆమె డాబా మీద గరిటెతో వడియాలు పెడుతుండగానే హారన్ గొంతు సవరించుకుంది.

“విస్సన్నపేట కుర్రాడు రైడుకొచ్చాడు... నెమలి ఊరి జట్టు పట్టారు... పట్టారు... వదిలేశారు. చేపనైనా ఇట్లా వదలరు నాయనా.”

మైదానంలో నవ్వులు. ఆట ఎవరు గెలిచినా ఆమెకు ఒకటే. మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎంత దూరం పోయి వస్తోందో, ఆమె లెక్క అంతా అదే. పొద్దున బాగానే పోయి వచ్చింది. ఎండ ముదిరాక ‘విస్సన్నపేట’ అన్న మాట ఒక్క ఊపిరిలో పూర్తికావటం మానేసింది.

ఆటకూ ఆటకూ మధ్య ఫోను తీశాడు. ఏదో దేశంలో ఒక చిలుక కుక్కరు విజిల్ వెయ్యటం నేర్చుకుందట. ఆ ఇంటావిడ నెలల తరబడి పచ్చిపప్పే వడ్డించిందట, మొగుడు మాట్లాడకుండా తిన్నాడట. డాబా దిగి వచ్చి వంటింట్లో ఒంటరిగా ఉండటం వల్ల పుష్పలత కొద్దిగా నవ్వింది. ఆ మొగుడెవరో తనకు తెలుసనిపించింది.

కాసేపటికి గొంతు హోదా మార్చుకుంది.

“ముఖ్య ప్రకటన. పడమటి నుంచి మబ్బు లేస్తోంది. డాబాల మీద వడియాలు పెట్టుకున్నవారు గమనించగలరు.”

అది తనకే అని పుష్పలతకు తెలుసు. వీధికి తెలియదు. ఆడవాళ్ళంతా చీరలు ఎగదోపుకుని మెట్లెక్కారు. మబ్బు వచ్చి, ఊరిని ఒకసారి చూసి, గంపలగూడెం వైపు వెళ్ళిపోయింది.

“మీ ఆయన మాట నమ్మితే మోకాళ్ళరిగిపోతాయి వదినా,” అంది పక్కింటి డాబా మీద నుంచి మహాలక్ష్మి. నూనె మిల్లు వాళ్ళ కోడలు. మనిషి కాస్త భారీ.

“నాకిన్నేళ్ళకీ అరగలేదా,” అంది పుష్పలత.

సెమీఫైనల్ అయిపోయింది. ఆమె అన్నం వార్చి, కంచం పెట్టి, చెవి కిటికీకి అప్పగించి కూర్చుంది. యేసుబాబు గరగర గొంతు కోసం ఎదురుచూసింది. ఆ గొంతు వినాలని తిరువూరులో ఎవరైనా ఆశపడటం అదే మొదటిసారి అయి ఉంటుంది.

వచ్చింది జోజిబాబు గొంతే. ఫైనల్ జట్లను పిలుస్తున్నాడు. ఆమె ఫోను చేసింది. ఎత్తలేదు. జవాబు మాత్రం హారన్లోంచి వచ్చింది.

“ఇళ్ళల్లో అన్నం వడ్డించుకుని కూర్చున్నవారు కంచం మీద మూత పెట్టి ఉంచగలరు. అతి త్వరలో... వస్తున్నారు.”

మైదానమంతా గొల్లున నవ్వింది. ‘అతి త్వరలో’కీ ‘వస్తున్నారు’కీ మధ్య పట్టిన దూరాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పుష్పలత కంచం మీద మూత పెట్టింది. ఇక లాభం లేదు, వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురావలసిందే అనుకుంది. పచ్చడి రుబ్బటం ఒక్కటి ముగించి వెళదామని మిక్సీ వేసింది.

మిక్సీ హోరులోంచి ‘గొడుగు’ అన్న మాట వినబడింది. టక్కున ఆపేసింది.

“...అయ్యా, దీనికి గుడ్డ లేదు, ఊచల్లేవు, పిడి ఒక్కటే ఉంది అన్నాడంట. దానికా పెద్దాయన ఏమన్నాడంటే...”

ఊరు ఊరంతా చెవులు రిక్కించింది. పుష్పలత కూడా. ఈసారి నవ్వాలనే అనుకుంది.

హారన్ ఏమీ చెప్పలేదు.

“చూశావా, కరెంటు పోయింది. జోకు మింగేసింది,” అంది మహాలక్ష్మి గోడ అవతలి నుంచి. వీధిలో ఇంకెవరో అదే మాట అన్నారు. పుష్పలత కూడా, అంతేలే, కరెంటు పోయి ఉంటుంది అనుకుంది. అనుకుంటూ పైకి చూసింది.

ఫ్యాను తిరుగుతోంది.

చెవి పెట్టి వింటే హారన్ కూడా సన్నగా, ఖాళీగా గుంయ్‌మంటూనే ఉంది. ఆమె చేతికంటిన పచ్చడి కడుక్కోకుండా అలాగే నిలబడింది. అప్పుడొచ్చింది ఇందాకటి నుంచీ ఎదురుచూసిన గొంతు.

“ఆటో ఉన్నవాళ్ళెవరన్నా... ఒకసారి స్టేజీ దగ్గరికి రండి. తొందరగా,” అన్నాడు యేసుబాబు.

ఆమె చెప్పులు వేసుకుంది.

ఆటో ఆసుపత్రి దాకా వెళ్ళలేదు. బోసుబొమ్మ సెంటరు దాటేలోపే అయిపోయిందని ఆటో అతను చెప్పాడు. జోజిబాబు ముఖంలో, ఏదో చెప్పబోయి అవతలివాళ్ళ వంతు అని ఆగినవాడి మర్యాద ఉంది.

సాయంత్రం నిజంగానే వాన వచ్చింది. ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడు ముందు గదిలో తెల్లదుప్పటి కింద పడుకుని ఉన్నాడు, వీధి వీధంతా ఆయన చుట్టూ కూర్చుని ఉంది. డాబాల మీద అందరి వడియాలూ తడిసి మళ్ళీ గంజి అయ్యాయి. ఒక్కరూ లేచి పైకి వెళ్ళలేదు.

చాలాసేపటికి మహాలక్ష్మి, ఎవరికీ వినబడకుండా, “ఆ గొడుగాయన ఏమన్నాడు వదినా?” అని అడిగింది.

“తెలీదు. పొద్దున చెప్పబోయారు. నేనే మాత్ర వేసుకోమన్నాను.”

యేసుబాబు తడుస్తూ పెట్టెలు, వైర్లు వసారాలోకి చేరవేశాడు. చివరిగా, వాన తగలకుండా సంచిలో తెచ్చిన మైకు చేత్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇదెక్కడ పెట్టమంటావు వదినా?”

పుష్పలత అరచెయ్యి చూపించింది. అది అన్నం సైగ. అతనికి అర్థమై, వంటగదిలోకి వెళ్ళి, మూత పెట్టిన కంచం పక్కన ఉంచాడు. చుట్టిన ఆకుపచ్చ గుడ్డ అంచులు ఆరిపోయి వెలిసి ఉన్నాయి, నోటికి ఎదురుగా ఉండే చోట మాత్రం ఇంకా తడిగా, ముదురుగా ఉంది.